పెళ్లిరోజుకి ఏ జాజ్ రికార్డు కొనాలి?

మూడేళ్ల కిందట మా చెల్లెలి పెళ్లిరోజుకి ఒక ఎల్పీ రికార్డు పంపాను. అట్ట మీద నీలం రంగు రాత్రి. వీధి దీపాల వెలుగులో టోపీ పెట్టుకుని, చేతిలో సిగరెట్‌తో అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా. చూస్తే లోపల ప్రేమ పాటలు తప్ప ఇంకేమీ ఉండవనిపిస్తుంది. మా బావ అప్పుడే కొత్తగా రికార్డ్ ప్లేయర్ కొన్నాడు. ఇద్దరూ బిర్యానీ తెప్పించుకుని, హాల్లో లైట్లు తగ్గించి కూర్చున్నారట. మూడో పాట మొదలయ్యేసరికి నాకు ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, గొంతు చాలా బాగుంది గానీ, ఈయన ఎందుకింత బాధపడిపోతున్నాడు? ఎవరైనా పోయారా?"

పోయింది మరి. ఆవా గార్డ్‌నర్ అనే సినిమా నటి, ఆయన భార్య. రికార్డు చేసేనాటికి ఇద్దరూ విడిగా ఉంటున్నారు, 1957లో విడాకులు కూడా అయ్యాయి. నేను పంపిన "ఇన్ ద వీ స్మాల్ అవర్స్" 1955లో వచ్చింది. పదహారు పాటలుంటే ఒక్కదానిలోనూ ఇద్దరు మనుషులు సంతోషంగా పక్కపక్కన కూర్చుని ఉండరు. పెళ్లిరోజుకి అలాంటిది పంపిన బుద్ధిమంతుణ్ణి నేను.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. ఈ ఆల్బమ్‌లన్నిటినీ షాపుల్లోనూ యాప్‌లలోనూ "రొమాంటిక్" అనే ఒకే అరలో పెడతారు. మన ఆలంకారికులు ఈ పొరపాటు చెయ్యలేదు. శృంగారం రెండు రకాలన్నారు: కలిసి ఉన్నవాళ్లది సంయోగం, ఎడబాటులో ఉన్నవాళ్లది విప్రలంభం. జాజ్ గాత్ర ఆల్బమ్ కొనేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. గాయకుడెంత గొప్పవాడు, పత్రికలు ఎన్ని స్టార్లు ఇచ్చాయి, ఏ కంపెనీ అచ్చు అన్నవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

నేను మళ్లీ మళ్లీ వినేవి ఐదు ఆల్బమ్‌లు. అన్నీ 1954కీ 1963కీ మధ్య వచ్చినవే. వాటినే పోల్చి చెబుతాను. అంతకుముందు ఒక్క మాట. వీటిలో దాదాపు అన్నీ స్టాండర్డ్‌లు అనే రకం పాటలే, అవేమిటో తెలియనివాళ్ల కోసం.

బ్రాడ్వే నాటకాల్లోంచో, హాలీవుడ్ సినిమాల్లోంచో, అప్పటి పాటల కంపెనీల నుంచో బయటికొచ్చి, ఆ నాటకాన్ని జనం మరిచిపోయాక కూడా మిగిలిపోయిన పాట స్టాండర్డ్. ఇర్వింగ్ బెర్లిన్, కోల్ పోర్టర్, రిచర్డ్ రాడ్జర్స్–లొరెంజ్ హార్ట్ జంట, హోగీ కార్మైకేల్ లాంటివాళ్లు కట్టినవి. మనకి సినిమా పాట అంటే అది పాడినవాళ్ల సొత్తు. ఘంటసాల పాట ఇంకెవరు పాడినా అది ఘంటసాల పాటే. స్టాండర్డ్ సంగతి అలా కాదు, అది కీర్తనలాంటిది. ఒకే త్యాగరాజ కీర్తనని బాలమురళీకృష్ణ గొంతులోనూ ఎమ్మెస్ గొంతులోనూ విని, ఇందులో ఒరిజినల్ ఏది అని ఎవరూ అడగరు కదా. వరస అందరికీ తెలుసు. దాన్ని ఈ మనిషి ఈ రాత్రి ఏం చేస్తాడన్నదే ఆసక్తి.

కట్టుబడి కూడా తేలికైనదే. చాలా పాటలు 32 బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది), అంటే ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. ఒకటి, రెండు, నాలుగు ముక్కలది ఒకే వరస, మూడోది మాత్రం వేరే దారి పడుతుంది. దాన్ని బ్రిడ్జి అంటారు. పల్లవి రెండుసార్లు, చిన్న చరణం ఒకటి, మళ్లీ పల్లవి అనుకుంటే సరిపోతుంది. నాలుగైదు పాటలు విన్నాక బ్రిడ్జి ఎప్పుడొస్తుందో చెవికే తెలిసిపోతుంది.

కలిసి ఉన్నవాళ్లకి

ముందు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెప్పేస్తాను. "జాన్ కోల్ట్రేన్ అండ్ జానీ హార్ట్‌మన్". 1963 మార్చి 7న న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు. ఆరే పాటలు, అంతా కలిపి అరగంట పైచిలుకు. ఇంత చిన్న ఆల్బమ్‌కి అంత డబ్బా అనుకునేవాళ్లుంటారు. వాళ్లు ఒకసారి విన్నాక ఆ మాట మళ్లీ అనరు.

కోల్ట్రేన్ సాక్సోఫోన్ విద్వాంసుడు. ఆ రోజుల్లో ఆయన వాయించే తీరు జడివాన. కొందరు విమర్శకులైతే అది సంగీతమే కాదని తిట్టారు. అలాంటివాడు సున్నితంగా వాయిస్తే ఎలా ఉంటుందో జనానికి చూపించాలని నిర్మాత బాబ్ థీల్ అనుకున్నాడు. వెనక మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బాస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. మరుసటి ఏడాది డిసెంబరులో ఇదే స్టూడియోలో "ఎ లవ్ సుప్రీమ్" అనే మహా ఆవేశపు ఆల్బమ్ చేసిన నలుగురూ వీళ్లే. ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ వాయిస్తే గోడలు కదులుతాయని పేరు. ఇక్కడ మాత్రం డ్రమ్ మీద బ్రష్‌తో ఇల్లు తుడుస్తున్నంత మెల్లగా రాస్తుంటాడు. బలమున్నవాడు అణుచుకుని వాయిస్తున్నాడని వినేవాడికి తెలుస్తూనే ఉంటుంది. నా లెక్కలో ఈ ఆల్బమ్ అందం సగం అక్కడే ఉంది.

ఇక హార్ట్‌మన్ గొంతు. నూతిలోంచి తోడిన నీళ్లలాంటి మంద్రం, లోతుగా, చల్లగా. ఎక్కడా గట్టిగా పాడడు, ఎక్కడా తన పనితనం చూపించుకోడు. అప్పటికాయన పెద్దగా పేరున్న గాయకుడు కాదు. "మై వన్ అండ్ ఓన్లీ లవ్" పాటలో ఆయన దాదాపు రెండు నిమిషాల వరకు నోరే విప్పడు. కోల్ట్రేన్ మొత్తం వరసని సాక్సోఫోన్ మీద పాడేశాక, తీరిగ్గా వచ్చి అదే వరసని మాటలతో మొదలుపెడతాడు. ఆ క్షణం కోసం ఆల్బమ్ కొనొచ్చు. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు ముందు రాగం వాయించేసి, గాయకుడు తర్వాత అందుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఒక్క మెలిక ఉంది. ఆరు పాటల్లో చాలావరకు సంయోగమే. "లష్ లైఫ్" అనే నాలుగో పాట మాత్రం తాగుబోతు ఒంటరితనం. బిల్లీ స్ట్రేహార్న్ దీన్ని టీనేజ్‌లో రాయడం మొదలుపెట్టాడంటే నమ్మబుద్ధి కాదు. అందులో ఉన్న అలసట యాభై ఏళ్లవాడిది. స్టూడియోకి కారులో వెళ్తుంటే రేడియోలో నాట్ కింగ్ కోల్ పాడిన ఈ పాట వినపడిందనీ, అప్పటికప్పుడు దీన్ని కూడా చేర్చుకున్నారనీ చెబుతారు. కానుకగా ఇస్తున్నా నాకు అభ్యంతరం లేదు. పాయసంలో పచ్చకర్పూరంలా ఆ చేదు కొంచెం ఉంటేనే మిగతావి రుచిస్తాయి.

రెండోది "ఎల్లా అండ్ లూయీ", 1956. ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆగస్టు 15 రాత్రి ఇద్దరూ హాలీవుడ్ బౌల్‌లో కచేరీ చేశారు. మర్నాడు క్యాపిటల్ స్టూడియోలో కూర్చుని పదకొండు పాటలు ఒక్క రోజులో పూర్తి చేశారు. నిర్మాత నార్మన్ గ్రాంజ్ పెద్ద ఆర్కెస్ట్రా పెట్టలేదు. ఆస్కర్ పీటర్సన్ పియానో, హెర్బ్ ఎల్లిస్ గిటార్, రే బ్రౌన్ బాస్, బడ్డీ రిచ్ డ్రమ్స్, లూయీ చేతిలో ఎలాగూ ట్రంపెట్ ఉండనే ఉంది.

ఆమెది పాలమీగడ గొంతు, ఆయనది కంకరరాళ్ల గొంతు. ఈ రెండూ కలవవని ఎవరైనా పందెం కాస్తారు. అట్ట మీద ఫొటో చూస్తే మొత్తం అర్థమవుతుంది. స్టార్లిద్దరూ మామూలు కుర్చీల్లో, ఇంటి ముందు కూర్చున్నట్టు కూర్చుని ఉంటారు. లూయీ సాక్సులు కిందికి చుట్టుకుని ఉంటాయి. ఇది కొత్త ప్రేమ కాదు, ముప్పై ఏళ్ల కాపురంలో ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేసే రకం. శృంగారంలో హాస్యం కలిసింది. "మూన్‌లైట్ ఇన్ వెర్మాంట్" ఇందులోనిదే. అంత్యప్రాస ఒక్కటి కూడా లేకుండా రాసిన ప్రేమ పాట. మన సినిమా కవులకి వినిపిస్తే కంగారు పడతారు. "స్టార్స్ ఫెల్ ఆన్ అలబామా" అనే పాట పేరు వెనక 1833లో అమెరికా ఆకాశం నుంచి నిజంగానే కురిసిన ఉల్కల వాన ఉంది.

జాజ్ ఎప్పుడూ వినని ఇంట్లో పెట్టడానికి ఇంతకన్నా మంచి ఆల్బమ్ నాకు తెలీదు. అత్తగారు, పక్కింటివాళ్లు, హోంవర్క్ చేసుకుంటున్న పిల్లలు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. కోల్ట్రేన్–హార్ట్‌మన్ వినాలంటే ఇంట్లో ఇద్దరే ఉండాలి. ఇది పదిమంది ఉన్నా నడుస్తుంది. రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే ఇదొక్కటీ చూసుకోండి.

ఒకే పాట, ముగ్గురు మనుషులు

మిగతా మూడూ ఎడబాటువే. వాటిలో ఏది కావాలో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మూడిట్లోనూ ఒకే పాట ఉంది: "ఐ గెట్ అలాంగ్ వితౌట్ యూ వెరీ వెల్". హోగీ కార్మైకేల్ కట్టినది, 1939. నువ్వు లేకపోయినా నేను బానే ఉన్నాను అనడం, వెంటనే ఫలానా అప్పుడు తప్ప అనడం, పాటంతా అదే. వాన పడినప్పుడు తప్ప, ఎవరో నీ పేరు ఎత్తినప్పుడు తప్ప. ఎలా ఉన్నావని ఫోన్‌లో అడిగితే మనమందరం చెప్పే "బానే ఉన్నా"కి ఇది పాట రూపం.

దీని వెనక కథ కూడా పాటలాంటిదే. సాహిత్యానికి ఆధారం పత్రికలో పడిన ఒక కవిత. కార్మైకేల్ చేతికి వచ్చేసరికి దాని మీద కవి పూర్తి పేరు లేదు. అనుమతి కోసం వెతికించాడు. చివరికి జేన్ బ్రౌన్ థాంప్సన్ అనే ఆవిడ రాసిందని తేలింది. పాట రేడియోలో మొదటిసారి వినిపించడానికి ముందు రోజు ఆమె చనిపోయింది.

ముందు "చెట్ బేకర్ సింగ్స్"లో వినండి. 1954లో రికార్డు చేసేనాటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. అసలు వృత్తి ట్రంపెట్. పాడతానంటే చుట్టుపక్కలవాళ్లు పెద్దగా ఉత్సాహపడలేదు. గొంతులో కంపనం ఉండదు, గమకం ఉండదు, మగగొంతో ఆడగొంతో తెలియనంత లేత. బానే ఉన్నానని అతను అంటే నమ్మాలో వద్దో అర్థం కాదు. బాధ ఇంకా అతనికే సరిగా తెలీదేమో అనిపిస్తుంది. విప్రలంభంలో పూర్వరాగం అనే ఒక రకం చెప్పారు, కలవకముందే పడే తపన. చెట్ బేకర్‌ది అది. ఇందులోనే ఉన్న "మై ఫన్నీ వాలెంటైన్" అతని జీవితాంతం వెంటాడింది.

తర్వాత సినాత్రా. వయసు ముప్పై తొమ్మిది. ఇక్కడ బానే ఉన్నానన్నది పచ్చి అబద్ధమని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు. అయినా కోటు గుండీలు పెట్టుకుని మర్యాదగా అబద్ధం ఆడతాడు. టామీ డోర్సీ బ్యాండులో పాడిన రోజుల్లో డోర్సీ ట్రాంబోన్ ఊదుతూ ఊపిరి ఎలా దాచుకుంటాడో చూసి నేర్చుకున్నాడు. అందుకే ఒక్కో వాక్యం ఎక్కడా తెగకుండా సాగుతుంది. నెల్సన్ రిడిల్ కూర్చిన వాద్యాలు గొంతుకి అడ్డం రావు. చెలెస్టా అనే చిన్న గంటల పియానోతో మొదటి పాట తెరుచుకుంటుంది. అర్ధరాత్రి దాటాక గడియారం కొట్టినట్టుంటుంది. పదహారు పాటలూ ఒకే మనసు, ఒకే రాత్రి. అందుకే దీన్ని తొలి కాన్సెప్ట్ ఆల్బమ్‌లలో ఒకటిగా చెప్పుకుంటారు. దీన్లోంచి ఒక్క పాట తీసి ప్లేలిస్టులో వేసుకుంటే సగం పోతుంది.

చివర బిల్లీ హాలిడే, "లేడీ ఇన్ శాటిన్", 1958. ఆమెకి నలభై రెండేళ్లు. గొంతు వింటే డెబ్భై అనుకుంటారు. మత్తు, మద్యం, జైలు, మోసం చేసిన మగాళ్లు, గొంతు పగిలిపోయింది. రే ఎల్లిస్ వెనక పెద్ద తీగవాద్యాల బృందాన్ని నిలబెట్టాడు. పట్టులాంటి వయొలిన్ల మీద చిరిగిన గొంతు. "నేను బానే ఉన్నా" అని ఆమె అంటుంటే మనం తల తిప్పుకుంటాం. రికార్డింగులో ఆమె పాడిన తీరు ఎల్లిస్‌కి నచ్చలేదు, తర్వాత మిక్సింగ్‌లో కూర్చుని విన్నాకగానీ ఆమె ఏం చేసిందో తనకి తెలియలేదని ఆయనే ఒప్పుకున్నాడు. విడుదలైన మరుసటి ఏడాది, 1959 జులై 17న, ఆమె వెళ్లిపోయింది. విప్రలంభానికీ కరుణకీ తేడా చెబుతారు కదా, మళ్లీ కలుస్తామన్న ఆశ ఉంటే అది విప్రలంభం, లేకపోతే కరుణ. సినాత్రాలో ఇంకా ఆశ ఉంది. బిల్లీలో లేదు.

ఇంకో విషయం. సినాత్రా ఆల్బమ్‌లో ఉన్న "గ్లాడ్ టు బీ అన్‌హ్యాపీ", "ఐల్ బీ అరౌండ్" కూడా బిల్లీ ఆల్బమ్‌లో ఉన్నాయి. ఆమె ఆల్బమ్‌లో మొదటి పాట రచయితల్లో సినాత్రా పేరు ఉంది. తన మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం బిల్లీదేనని ఆయనే చెప్పాడు. కాబట్టి ఈ రెండు ఆల్బమ్‌లూ ఒకదానికొకటి రాసుకున్న ఉత్తరాల్లాంటివి. వరసగా వినమని మాత్రం చెప్పను, రెండు వేర్వేరు రోజులు పెట్టుకోండి. ముందు సినాత్రా.

"లేడీ ఇన్ శాటిన్" ఎవరికీ కానుకగా ఇవ్వకండి. ఇది ఎవరికి వారు కొనుక్కోవలసిన రికార్డు. జాజ్‌కి మొదటి పరిచయంగా అసలే వద్దు. ఆమె 1930లలో పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్‌తో పాడినవి, ఆ గొంతులో అల్లరి ఉన్నప్పటివి, ముందు వినాలి. ఏం పోయిందో తెలిస్తేనే ఈ ఆల్బమ్ ఏమిటో తెలుస్తుంది. దీన్ని భరించలేమనే విమర్శకులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లని తప్పు పట్టలేను. నేనైతే ఏడాదికి రెండుసార్లు వింటాను, అంతే.

మన చెవికి ఏది దగ్గర

మైకు వచ్చాక పాట మారిపోయింది. హాలు చివరి వరసకి వినపడేలా అరవాల్సిన పని పోయి, చెవిలో చెప్పినట్టు పాడే వీలు వచ్చింది. ఈ గాయకులందరూ ఆ వీలు మీదే బతికారు. మన దగ్గరా అదే జరిగింది. అందుకే ఎవరైనా ఏది వినాలని అడిగితే, నేను వాళ్ల పాత సినిమా పాటల ఇష్టాల గురించి అడుగుతాను. ఏ.ఎం.రాజా లేత గొంతు ఇష్టమన్నారా, చెట్ బేకర్ ఇస్తాను. పి.బి.శ్రీనివాస్ మంద్రమంటే ప్రాణమన్నారా, ఇంక ఆలోచించేది లేదు, హార్ట్‌మన్. ఈ లెక్క ఇంతవరకు తప్పలేదు. సంగీతం సరే, ఇంగ్లీషు పాటలు మాటమాటా అర్థం కావాలి అనేవాళ్లకి ఎల్లా, సినాత్రా. వీళ్లిద్దరి ఉచ్చారణ అద్దంలా ఉంటుంది. లూయీ సంగతి అమెరికావాళ్లకే అనుమానం.

ఈ ఐదూ కుదరకపోతే పక్కదారులున్నాయి. వెనక సందడి అసలు వద్దనుకుంటే జూలీ లండన్ "జూలీ ఈజ్ హర్ నేమ్", 1955. ఒక గిటార్, ఒక బాస్, ఒక గుసగుస. ఇంట్లో పెద్దవాళ్లకైతే నాట్ కింగ్ కోల్ "లవ్ ఈజ్ ద థింగ్", 1957, వయొలిన్ల మీద వెన్నలా కరిగే గొంతు. నాకు కాస్త తీపి ఎక్కువ, మా నాన్నగారికి మాత్రం అదొక్కటే నచ్చింది. గొంతుకి ఒక్క పియానో మాత్రమే తోడుండాలంటే టోనీ బెన్నెట్, బిల్ ఎవన్స్ కలిసి 1975లో చేసిన ఆల్బమ్. కాలేజీ పిల్లలకైతే వెనకనుంచి రావాలి. పండిట్ రవిశంకర్ కూతురు నోరా జోన్స్ 2002 ఆల్బమ్ "కమ్ అవే విత్ మీ" వాళ్లలో చాలామంది వినే ఉంటారు. దాని చివరి పాట "ద నియర్‌నెస్ ఆఫ్ యూ" కూడా కార్మైకేల్‌దే, "ఎల్లా అండ్ లూయీ"లోనూ ఉంది. ఆ ఒక్క పాట పట్టుకుని 1956లోకి నడిపించేయొచ్చు.

కొనేటప్పుడు

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లకి రెండే జాగ్రత్తలు. షఫుల్ ఆపండి. ఆల్బమ్ చివర బోనస్ అని తగిలించిన ట్రాకులు వచ్చేలోపు కట్టేయండి. ముఖ్యంగా బిల్లీది. ఆల్బమ్ అయిపోయిన నిశ్శబ్దంలో మనం కూర్చుని ఉంటే, అదే పాట రిహార్సల్ మళ్లీ మొదలైతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎల్పీ కొనేవాళ్లకి జాగ్రత్తలు ఎక్కువ. సినాత్రా ఆల్బమ్ మోనోలో, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్‌లో, రికార్డు చేసినది. 1960లలో స్టీరియో మోజు వచ్చినప్పుడు ఆయన రికార్డు కంపెనీ క్యాపిటల్ వాళ్లు పాత మోనోలనే సాగదీసి డ్యుయోఫోనిక్ అనే పేరుతో అమ్మారు. సెకండ్‌హ్యాండ్ షాపులో ఆ మాట అట్ట మీద కనిపిస్తే కింద పెట్టేయండి. గొంతు డబ్బాలో పెట్టి ఊపినట్టుంటుంది. చెట్ బేకర్‌దీ అంతే. 1960లలో వచ్చిన ఒక అచ్చులో జో పాస్ గిటార్‌ని తర్వాత పైన అతికించారు. జో పాస్ మహా విద్వాంసుడే, కానీ ఆ ఖాళీయే ఆ ఆల్బమ్ అందం. పైగా మొదట వచ్చిన పది అంగుళాల రికార్డులో ఎనిమిది పాటలే, 1956లో వచ్చిన పన్నెండు అంగుళాల దానిలో పద్నాలుగు. ఏది కొంటున్నారో లెక్క చూసుకోండి. "లేడీ ఇన్ శాటిన్" పాత స్టీరియో ఎల్పీలో చివరి పాట "ది ఎండ్ ఆఫ్ ఎ లవ్ అఫైర్" ఉండదు. అది మోనోలోనే రికార్డయింది మరి. "కోల్ట్రేన్–హార్ట్‌మన్" మాత్రం స్టీరియోలోనే హాయిగా ఉంటుంది. సాక్సోఫోన్, గొంతు పక్కపక్కన నిలబడ్డట్టు తెలుస్తుంది.

ఇంకొకటి. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగులకి కాపీరైట్ తీరిపోయింది. అందుకని ఎవరుపడితే వాళ్లు అలాంటి ఆల్బమ్‌లని అచ్చేసి తక్కువ ధరకి అమ్ముతున్నారు. కొన్ని బాగానే ఉంటాయి. కొన్ని సీడీ నుంచి ఎక్కించినవే, అట్ట మాత్రం మెరుస్తుంది. నేను ఆన్‌లైన్‌లో ఒకసారి అలాంటిది కొని మోసపోయాను. లూయీ ట్రంపెట్ ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. అసలు కంపెనీల పేర్లు గుర్తుంచుకుంటే చాలు: సినాత్రాకి క్యాపిటల్, ఎల్లా–లూయీకి వర్వ్, బిల్లీకి కొలంబియా, చెట్‌కి పసిఫిక్ జాజ్, కోల్ట్రేన్–హార్ట్‌మన్‌కి ఇంపల్స్. అట్ట వెనక ఆ పేరుగానీ, ఫలానా అసలు టేపు నుంచి తీశామన్న మాటగానీ లేకపోతే కొంచెం ఆలోచించండి. రికార్డ్ ప్లేయర్ లేకపోతే దీనికోసం కొనక్కర్లేదు. మంచి ఇయర్‌ఫోన్, తక్కువ వాల్యూమ్ చాలు. ఈ గాయకులు మెల్లగా పాడారు, మనమూ మెల్లగానే పెట్టుకోవాలి.

ఇంతకీ మా చెల్లెలికి మరుసటి ఏడాది "ఎల్లా అండ్ లూయీ" పంపాను. ఆదివారం పొద్దున్న దోసెల వేళకి అదే మోగుతోందట. ఈ ఏడాది హార్ట్‌మన్ పంపుదామనుకుంటుండగా మా బావకి ఆరు నెలలు ఆన్‌సైట్ పడింది, డాలస్. ప్రవాస విప్రలంభం అని శాస్త్రంలో దానికీ పేరుంది. వెళ్లిన రెండో వారం రాత్రి పదకొండుకి ఫోన్. "అన్నయ్యా, ఆ ఏడుపు రికార్డు ఒకటి పంపావు చూడు, టోపీ ఆయనది. ఎక్కడ పెట్టానో కనపడట్లేదు. నీ దగ్గర ఇంకోటి ఉందా?"